పైడితల్లి కుడిభుజం

పైడితల్లి పుట్టినప్పుడు వాళ్ళమ్మ దాలమ్మ విజయనగరం అమ్మవారికి మొక్కు తీర్చి ఆ పేరు పెట్టింది. జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్ బళ్ళో చేర్చిన రోజున హిందీ మాస్టారు ఆ పేరు రెండు మూడుసార్లు పలకబోయాడు. పలికిన ప్రతిసారీ కొత్త మనిషి పుట్టుకొస్తోంది. విసుగొచ్చి 'పాయల్' అని రాసుకుని చేతులు దులుపుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో పైడి, బయట పాయల్. రెండు పేర్లకీ మనిషి మాత్రం ఒక్కతే. పొడుగు, ఎముకల గూడు, అరిచిందంటే లారీల ఫ్యాక్టరీ సైరన్ కూడా ఒక్క క్షణం సందేహించాలి.

బస్తీలో మగపిల్లలతో కలిసి కబడ్డీ ఆడి, వాళ్ళు ఇక ఆడనివ్వమన్నాక ఆడపిల్లల జట్టు తనే కూడగట్టి, జిల్లా జట్టుదాకా వెళ్ళింది. ఆ సర్టిఫికెట్టు చూసి ఓ ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడివాళ్ళు పీటీ మిస్సుగా ఉద్యోగం ఇచ్చారు. ఆ బళ్ళో పిల్లలు ప్రిన్సిపాల్‌కి నమస్కారం పెట్టేవారు, పైడి విజిల్‌కి భయపడేవారు.

భుజం మొదటిసారి జారింది కబడ్డీలోనే. కూతకి వెళ్ళి, ఒకమ్మాయిని తాకి, తిరిగి గీత వైపు దూకుతుండగా వెనకనుంచి మరొకమ్మాయి కుడిచెయ్యి పట్టుకుని పైకీ వెనక్కీ లాగింది. లోపల ఏదో 'కటుక్' మంది. పైడి గీత తాకాకే కిందపడింది. పాయింటు వచ్చింది, భుజం పోయింది. గుండ్రంగా ఉండాల్సిన చోట బల్ల అంచులా చదునుగా, ఆ కింద ముందువైపు ఉండకూడని చోట ఒక ఉబ్బు. నిర్వాహకుల దగ్గర వైద్యసహాయం అంటే ఒక స్ప్రే డబ్బా. దాన్ని చివరి చుక్కదాకా ఆమె మీద కొట్టి, తమ చేతనైంది చేశామన్నారు.

ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రి ఆ మైదానానికి కూతవేటు దూరంలోనే ఉంది. కానీ దాలమ్మకి ఒక తమ్ముడున్నాడు. పేరు నరసింహం. కుర్రతనంలో అఖాడాలో కుస్తీలు పట్టాడు. ఇప్పుడు జుగ్సలాయి గోదాముల్లో మూటలు మోసేవాళ్ళకి బెణుకులూ పట్లూ సరిచేస్తూ ఉంటాడు. ఎముకల గురించి ఆయనకి కచ్చితంగా తెలిసింది అవి లోపల ఉంటాయని. దాలమ్మ కూతుర్ని టెంపోలో వేసుకుని తిన్నగా ఆయన దగ్గరికి తీసుకుపోయింది.

నరసింహం మేనకోడల్ని బియ్యం బస్తాల మీద పడుకోబెట్టాడు. చెప్పు విప్పి, మడమ ఆమె చంకలో ఆనించి, రెండు చేతులతో మణికట్టు పట్టుకుని నూతిలోంచి బక్కెట్టు తోడినట్టు లాగాడు. పైడి హిందీలోనూ తెలుగులోనూ తనకొచ్చిన తిట్లన్నీ తిట్టింది. ఎముక లోపలికి పోయింది.

"సూసావా అక్కా, డాక్టరయితే కోసీసేవోడు," అన్నాడు నరసింహం చెమట తుడుచుకుంటూ. "పసుపూ సున్నం పట్టెయ్యి. గుడ్లెట్టు. పది రోజుల్లో మళ్ళీ కబడ్డీ ఆడేత్తాది."

పైడి నిజంగానే అలాగే ఆడేసింది. జారిన భుజాన్ని మూడు వారాలు కట్టులో ఉంచి, తర్వాత నెలలతరబడి దాని చుట్టూ ఉన్న కండరాలకి కసరత్తు చేయించాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదనుకోండి. అంత చిన్న వయసులో, పైగా ఒకర్నొకరు లాక్కునే ఆట ఆడేవాళ్ళకి, ఒకసారి జారిన భుజం మళ్ళీ జారడానికి వంక వెతుక్కుంటుంది.

వెతుక్కుంది. రైల్లో పై బెర్తు మీద సంచి పెడుతుంటే జారింది. టీషర్టు విప్పుతుంటే జారింది. టెంపోవాడు గోల్‌మురి మలుపులో బ్రేకు కొడితే, పై కడ్డీ పట్టుకున్న చెయ్యి అక్కడే ఉండిపోయి మనిషి ముందుకు పోయింది. తన భుజాన్ని తనే సర్దుకోవడం పైడి నేర్చుకుంది. కింద కూర్చుని, మోకాలు మడిచి, దాని చుట్టూ రెండు చేతుల వేళ్ళూ పెనవేసి, మెల్లగా వెనక్కి వాలితే 'టుక్' మని లోపలికి వెళ్ళేది. ఒకసారి స్టాఫ్ రూములో చేసి చూపించింది. లెక్కల టీచరు చప్పట్లు కొట్టింది. హిందీ టీచరు కళ్ళు తిరిగి పడిపోయింది.

ఇలా ఉండగా హరికిరణ్ సంబంధం వచ్చింది. లారీల ఫ్యాక్టరీలో, బండ్లకి రంగులేసే పెయింట్ షాపులో పని. గోల్‌మురిలో ఇల్లు. తండ్రి లేడు. తల్లి ఉమామహేశ్వరి ఎదుటివాళ్ళ లోపాలు కనిపెట్టడం ఒక విద్య అనుకుంటే అందులో ఆరితేరిన మనిషి. పెళ్ళిచూపులకొచ్చి, మిక్చరు ప్లేటు పక్కకి జరిపి, సూటిగా అడిగింది.

"అమ్మాయికి షుగరూ గిగరూ, నడుంనొప్పీ గిడుంనొప్పీ ఏటీ నేదు కదా వదినా?"

"మా గుంటకి జొరమే ఎరగదు," అంది దాలమ్మ.

పైడి నోరు తెరవబోయింది. దాలమ్మ కూతురి కాలి బొటనవేలు తొక్కి అలాగే ఉంచింది. వాళ్ళు వెళ్ళాక పైడి పోట్లాటకి దిగింది.

"ఎందుకే అబద్ధం ఆడతావు? సచ్ బోల్‌నే మే క్యా జాతా హై? నిజం చెబితే ఏం పోయింది?"

"అబద్ధవేటే? షుగరడిగింది, నేదన్నాను. నడుమడిగింది, నేదన్నాను. బుజం అడగనేదు కదా!"

పెళ్ళి గోవింద్‌పూర్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో. ముహూర్తం పొద్దున్నే. అయితే జంషెడ్‌పూర్‌లో ఇప్పుడు తెలుగు పెళ్ళి తెలుగు పెళ్ళిలా జరిగితే ఫొటోలు బాగా రావని ఒక నమ్మకం. అందుకని ముహూర్తానికి ముందు జైమాల పెట్టారు. వేదిక మీద వధూవరులు దండలు మార్చుకోవాలి. వధువు దండ వెయ్యబోయేసరికి వరుడి స్నేహితులు వాణ్ణి పైకెత్తెయ్యాలి. ఈ రెండో ముక్క ఎవరు కనిపెట్టారో తెలీదు కానీ, కనిపెట్టినవాడికి ఎముకల డాక్టర్లు ఏటా ఏదో ఒకటి పంపిస్తూ ఉండాలి.

పైడి పట్టుచీర, జడకుచ్చులు, వడ్డాణం, మోచేతిదాకా గాజులతో దండ పట్టుకుని ముందుకొచ్చింది. పెయింట్ షాపు కుర్రాళ్ళు హరికిరణ్‌ని తొడలు పట్టి అమాంతం లేపారు. హరికిరణ్ సిగ్గుపడుతూ పైకి వెళ్ళిపోయాడు. జనం ఈలలు వేశారు. బ్యాండువాళ్ళు జోరు పెంచారు.

మామూలు పెళ్ళికూతురైతే నవ్వి, తల దించుకుని, వాళ్ళు దించేదాకా ఆగేది. పైడికి ఎదుట మనిషి అందకుండా తప్పించుకోవడం అనేది ఆటగా తప్ప వేరేలా అర్థంకాదు. కుడికాలు తన్నిపెట్టి, రెండు చేతులూ పైకెత్తి, ఎగిరింది.

కటుక్.

దండ పెయింట్ షాపు కుర్రాళ్ళలో ఒకడి చెవికి తగులుకుంది. పైడి నేలమీద నిలబడి, ఒంటికి దూరంగా వంకరపోయిన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, పళ్ళు బిగించి ఆగిపోయింది. వీడియో అతను పరుగున వచ్చాడు.

"దీదీ, బహుత్ అచ్ఛా! అలాగే ఉండండి, ఇటు చూడండి."

పైడి చూసిన చూపుకి అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె నేలమీద కూలబడి తన పాత చిట్కా ప్రయత్నించింది. వడ్డాణం మోకాలు మడవనివ్వలేదు. గాజులు వేళ్ళు కలవనివ్వలేదు. అప్పటికి నరసింహం మావయ్య వేదిక ఎక్కి, అందర్నీ జరగమంటూ కొత్త బూటు విప్పుతున్నాడు.

"జరగండి, జరగండి. రెండు నిమిషాల పని. అమ్మీ, ఎల్లకిలా తొంగో."

"మావయ్యా," అంది పైడి ఊపిరి బిగబట్టి, "ఆ కాలు నా మీద ఎత్తావంటే ఇద్దరికీ కట్లు పడతాయి."

ఉమామహేశ్వరి ఈ 'రెండు నిమిషాల పని' అన్న మాట పట్టుకుంది. ఆ విద్యే వేరు.

"అంటే ఇంతకుముందు కూడా ఎప్పుడైనా అయిందా?"

"అయ్యో, నేదు వదినా!" అంది దాలమ్మ. "ఇదే మొదలు. దిష్టి. మీవాళ్ళలా ఎత్తకపోతే..."

"చాలాసార్లు అయింది అత్తా," అంది పైడి కిందనుంచి. "నాకు లెక్క నేదు. చెప్పొద్దంది మా అమ్మ."

బ్యాండు అప్పుడే ఆగడం వల్ల ఆ మాట చివరి వరస కుర్చీలదాకా చక్కగా వినబడింది.

"లోపం దాచి కట్టబెడదావనుకున్నారా?" అంది ఉమామహేశ్వరి. "మనుషులేనా మీరు?"

స్నేహితులు కంగారులో హరికిరణ్‌ని దించడం మర్చిపోయారు. అతను వాళ్ళ భుజాలమీదనుంచి తనే జారుకుని దిగి, తల్లికీ పైడికీ మధ్య నిలబడ్డాడు.

"అమ్మా, తర్వాత. ముందు హాస్పిటల్."

"పెళ్ళవకుండా హాస్పిటలేటిరా? పద, తాళి కట్టీసి అప్పుడెల్లండి. ముహూర్తం పోతాది."

"తాళి ఆగుద్దమ్మా. ఆ నొప్పి చూడు, ఆగేలా ఉందా?"

పురోహితుడు మైకులో 'సమయం మించిపోతోంది' అని చెబుతూనే ఉన్నాడు. పూలు కట్టిన పెళ్ళి కారు, లోపల పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ, ముందు సీట్లో ఒక చెవికి దండ మచ్చతో పెయింట్ షాపు కుర్రాడూ, అలా హాలు గేటు దాటింది. దారిలో ట్రాఫిక్ పోలీసు నవ్వుతూ సెల్యూట్ కొట్టి, పైడి కేక విని చెయ్యి దించేశాడు.

ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సు హరికిరణ్‌ని తలపాగా నుంచి పారాణి దాకా చూసి, పేషెంటుకి మీరేమవుతారని అడిగింది. అతనికి ఇంకా కట్టని తాళి గుర్తొచ్చింది.

"ఆధా హస్బెండ్," అన్నాడు.

ఎముకల డాక్టరు తనుశ్రీ వచ్చింది. ముప్పై దాటిన బెంగాలీ అమ్మాయి, నిద్రలేని కళ్ళు, తొందర లేని చేతులు. ముందు పైడి భుజం పక్కన చర్మం మీద వేలితో తాకి, తెలుస్తోందా అని అడిగింది. వేళ్ళు కదపమంది. మణికట్టు దగ్గర నాడి చూసింది.

"ఎముక జారినప్పుడు దాని పక్కనుంచి పోయే నరం నలగొచ్చు. ముందు అది చూసుకోవాలి. తర్వాత ఎక్స్‌రే. ఎముక విరిగి ఉంటే, చూడకుండా లాగితే, ఉన్నది కాస్తా ముక్కలవుతుంది," అంది హిందీలో. "ఇదివరకు ఎవరు సరిచేశారు?"

"మా మావయ్య. కాలితో."

డాక్టరు పెన్ను కింద పెట్టేసింది. "అదృష్టవంతురాలివి," అంది. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

పెళ్ళికూతురు కాబట్టి తినలేదు. మత్తు మందు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలట. పెళ్ళినాటి ఉపవాసం ఇన్ని తరాల తర్వాత ఒక పనికొచ్చింది.

ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టేమీ కనబడలేదు. సూది వేశారు. పైడి కళ్ళు సగం వాలాక డాక్టరు ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మోచెయ్యి మడిచి ఒంటికి ఆనించి, ముంజేతిని నెమ్మదిగా, గడియారంలో చిన్నముల్లు తిరిగినంత నెమ్మదిగా బయటికి తిప్పడం మొదలెట్టింది. నొప్పి అన్నప్పుడల్లా ఆగేది. లాగడం లేదు, తన్నడం లేదు.

"పెళ్ళి భోజనంలో ఏమేం ఉన్నాయి?" అని అడిగింది.

"పులిహోర," అంది పైడి మత్తుగా. "గుత్తొంకాయ. పనసపొట్టు కూర. పూర్ణాలు. రసగుల్లా కూడా ఉంది, ఊళ్ళోవాళ్ళు గోల పెడతారని..."

రసగుల్లా దగ్గర ఎముక లోపలికి వెళ్ళిపోయింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. పైడి కన్ను తెరిచి, "అయిపోయిందా?" అంది.

అయిపోయింది. ఆ పక్కన హరికిరణ్ కూడా అయిపోయాడు. గోడకి ఆనుకుని మెల్లగా జారి నేలమీద కూర్చుండిపోయాడు. నర్సు అతన్ని పక్క మంచం మీద పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టింది. ఆ పూట ఆ గదిలో పెళ్ళివాళ్ళిద్దరూ చెరో మంచం మీద పడుకుని కప్పువైపు చూస్తూ మొదటిసారి తీరుబడిగా మాట్లాడుకున్నారు.

"నాక్కూడా చెప్పలేదేం?" అన్నాడు హరికిరణ్.

"మా అమ్మ వేలు తొక్కింది."

"ఫోన్లో చెప్పొచ్చు కదా. ఫోన్లో వేలు తొక్కదు కదా."

పైడి కట్టులో ఉన్న చేతిని పొట్టమీదికి జరుపుకుంది. "భయమేసింది," అంది. "నువ్వు వెళ్ళిపోతావని కాదు. ఆడొద్దంటావని."

"నేనెందుకు ఆడొద్దంటాను? నాకు కబడ్డీ రాదు."

పురోహితుడు పంచాంగం మరోసారి తిరగేస్తే మధ్యాహ్నానికి ఇంకో ముహూర్తం దొరికింది. ఇంతకుముందు అడిగితే లేదన్న ముహూర్తమే అది. ఉమామహేశ్వరి ముఖం గోడకి తిప్పుకుని కూర్చుంది కానీ, లేచి వెళ్ళిపోలేదు. రెండు వందల మందికి వండిన వంకాయలు, ఆ పక్కన కొడుకు మొండితనం, అన్నీ లెక్కేసుకుని ఉండిపోయింది. జీలకర్రా బెల్లం దగ్గర మళ్ళీ చిక్కు వచ్చింది. పెళ్ళికూతురి కుడిచెయ్యి కట్టులో, పొట్ట దగ్గర ఉంది. ఎడంచేత్తో పెట్టనివ్వనన్నాడు పురోహితుడు. చివరికి హరికిరణ్ వంగి, నడుం మడిచి, ఆమె పొట్టదాకా తల దించాడు. పైడి మణికట్టు మాత్రం కదిపి అతని నడినెత్తిన బెల్లం అద్దింది. బెల్లం సగం అతని చెవిలోకి పోయింది. వీడియో అతను ఇదంతా తీశాడు, దూరంగా నిలబడి.

ఆ తర్వాత స్కానింగులు తీశారు. అవి చూపించడానికి డాక్టరు తనుశ్రీ దగ్గరికి పైడి, హరికిరణ్, వెనకాల దాలమ్మ, ఆమెని నమ్మలేక ఉమామహేశ్వరి, నలుగురూ వెళ్ళారు.

"భుజం గిన్నెలో కూర్చున్న బంతి కాదు," అంది డాక్టరు. "సాసరు మీద పెట్టిన బంతి. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే జారుతుంది. సాసరు అంచుకి ఒక మెత్తటి గట్టు ఉంటుంది. మొదటిసారి జారినప్పుడే మీ అమ్మాయికి అది చిరిగింది. అప్పుడే వచ్చుంటే సన్నటి దుర్బీను గొట్టం పెట్టి, చిన్న రంధ్రాల్లోంచి కుట్టేసేదాన్ని. ఇన్నిసార్లు జారేసరికి సాసరు అంచు ఎముకే అరిగిపోయింది. ఇప్పుడు ఉత్తి కుట్లు నిలబడవు. పక్కనున్న ఎముక ముక్క ఒకటి కండరంతో సహా తెచ్చి, ఆ అంచుకి స్క్రూలతో బిగించాలి."

"ఆపరేషన్ లేకుండా?" అంది దాలమ్మ.

"కసరత్తు. కండరాలు బలపడితే కొంత పట్టుకుంటాయి. కాస్త వయసు మళ్ళినవాళ్ళకి, చెయ్యి పెద్దగా ఎత్తనివాళ్ళకి చాలాసార్లు అదే సరిపోతుంది. ఈమె పీటీ మిస్సు, కబడ్డీ ఆడుతుంది. నా అనుమానం నాకుంది. నిర్ణయం ఆమెది."

ఉమామహేశ్వరి బయటికొచ్చి తేల్చేసింది. "కోడలొచ్చి వారం తిరక్కుండా కోత కోయిత్తే బస్తీలో జనం ఏటంటారు? కసరత్తే సెయ్యి."

ఈ ఒక్క విషయంలో వియ్యపురాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. పైడికి కూడా కత్తంటే భయమే. కట్టు విప్పాక కసరత్తు మొదలెట్టింది. మనసు పెట్టే చేసింది కూడా. ఫిజియోథెరపీ చేయించే సోనీ అనే రాంచీ అమ్మాయి రబ్బరు పట్టీలిచ్చి, గోడకి కట్టి లాగమంది. పైడి లాగింది, కండ వచ్చింది. కొన్ని నెలలపాటు భుజం ఎక్కడుండాలో అక్కడే ఉంది. కసరత్తే గెలిచిందని ఉమామహేశ్వరి బస్తీ అంతా చెప్పుకుంది.

పంద్రా ఆగస్టు దగ్గరపడింది. బడి మైదానంలో నాలుగు వందల మంది పిల్లలు డ్రిల్లు నేర్చుకుంటున్నారు. మిస్ ఏం చేస్తే అది చెయ్యాలి, అదీ నియమం. పైడి వేదికమీద నిలబడి విజిల్ వేసి, "హాథ్ ఊపర్!" అంటూ చెయ్యెత్తి వెనక్కి విసిరింది.

కటుక్.

పైడి కుడిచెయ్యి వంకరపోయింది. నడుం ఒంగింది. నోరు తెరిచి "ఓలమ్మో!" అంది. నాలుగు వందల మంది పిల్లలు కుడిచేతులు వంకర తిప్పి, నడుములు ఒంచి, నోళ్ళు తెరిచి ఒక్క గొంతుతో "ఓలమ్మో!" అన్నారు. ప్రిన్సిపాల్ కిటికీలోంచి చూసి, ఈ ఏడాది డ్రిల్లు కొత్తగా ఉందనుకున్నాడట.

పైడి ఆ రోజు తనంతట తను సర్దుకోలేదు. తిన్నగా తనుశ్రీ దగ్గరికి వెళ్ళి సరిచేయించుకుని, ఆపరేషన్ తారీఖు వేయించుకుని ఇంటికొచ్చింది. అత్తకి చెప్పింది, అడగలేదు.

ఆపరేషన్ రోజున మెడ పక్కన సూది వేసి చెయ్యంతా మొద్దుబార్చి, తర్వాత నిద్రపుచ్చారు. మెలకువ వచ్చాక పైడి పక్కలో ఎవరిదో చెయ్యి తగిలింది. ఎవరి చెయ్యో తన మంచం మీద పెట్టి మర్చిపోయారని నర్సుకి ఫిర్యాదు చేసింది. నర్సు ఆ చేతికున్న పుట్టుమచ్చ చూపించాక కానీ నమ్మలేదు.

మర్నాడు నరసింహం మావయ్య యాపిల్ పళ్ళతో వచ్చి ఎక్స్‌రే దీపం దగ్గర పట్టుకుని చూశాడు.

"రెండు బోల్టులా?" అన్నాడు బాధగా. "దీనికా ఇంత హడావిడి? నానైతే..."

"మావయ్యా, బూటు విప్పకు," అంది పైడి.

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఎక్స్‌రేలో అరిగిన చోటు ఎక్కడో చూపించమని హరికిరణ్‌ని అడిగాడు. చూసి, వంగి బూటు లేసు ముడి బిగించుకున్నాడు. ఆ తర్వాత జుగ్సలాయిలో భుజం జారిందని ఎవరొచ్చినా "ముందు ఫొటో తీయించుకుని రా" అని పంపించేస్తున్నాడని విన్నాను. మడమ బెణుకులు మాత్రం మానలేదు.

మళ్ళీ కట్టు, మళ్ళీ సోనీ. ముందుకు వంగి చెయ్యి వదిలేసి, ఊయలలా ఊపడం. ఆ తర్వాత కర్ర పట్టుకుని, మంచి చేత్తో బాగాలేని చేతిని పైకి లేపడం. ఆ రోజుల్లో హరికిరణ్‌కి పొద్దుటి షిఫ్టు. అందుకని తోడు ఉమామహేశ్వరి వచ్చేది. వచ్చి కుర్చీలో కూర్చుని, 'దాచారు' అన్న మాట ఏదో ఒక వాక్యంలో ఇరికించేది. టీ చల్లారినా అందులోంచి 'దాచారు' తీసేది.

ఒకరోజు సోనీకి చేతులు ఖాళీ లేవు. "ఆంటీ, ఈ కర్ర రెండో కొస మీరు పట్టుకుని పైకెత్తండి," అంది.

ఉమామహేశ్వరి ఎడంచేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి కూడా వెయ్యమంది సోనీ. కుడిచెయ్యి ఛాతీ ఎత్తుదాకా వచ్చి, అక్కడ ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. ముఖం నొప్పితో వంకరపోయింది.

"ఎన్నాళ్ళనుంచి, ఆంటీ?"

"ఎన్నాళ్ళనుంచేటి? ఏటీ నేదు. నిన్న బియ్యం బస్తా జరిపాను."

పైడికి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అత్త ఎడంచేత్తో తల దువ్వుకోవడం. వెనక హుక్కుల జాకెట్లన్నీ పక్కింటి పిల్లకి ఇచ్చెయ్యడం. పై అలమరలో డబ్బాలన్నీ కిందికి దింపేసి, వాస్తు అనడం.

"అత్తా," అంది, "నీకు షుగరుందా?"

ఉమామహేశ్వరి సోనీ వైపు చూసింది, గోడమీద అస్థిపంజరం బొమ్మ వైపు చూసింది, ఎవరూ సాయం రాలేదు.

"కాసింతుంది."

"దాచావు!"

"నానేటి దాచాను? నన్నెవులు పెళ్ళిచూపులు చూసారే? అడిగింది నాను. నన్ను మీ అమ్మ అడగనేదు!"

సోనీ నవ్వు ఆపుకోలేక రబ్బరు పట్టీల బుట్ట వెనక్కి వెళ్ళింది. తిరిగొచ్చి వివరంగా చెప్పింది. షుగరున్నవాళ్ళకి ఇలా భుజం బిగుసుకుపోవడం తరచూ ఉంటుందట. కీలు చుట్టూ ఉన్న పొర దళసరెక్కి కుంచించుకుపోతుందట. షుగరు అదుపులో పెట్టుకుని, వేడి కాపడం, కసరత్తు, అవసరమైతే కీల్లోకి ఒక సూది. చాలామందికి కోత అక్కర్లేకుండానే వదులవుతుంది, కానీ నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

ఇంట్లో అప్పట్నుంచి రెండు భుజాలకి సేవ. ఒకటి కదలొద్దంటే కదిలేది, ఒకటి కదలమంటే కదలనిది. పొద్దున్నే అత్తాకోడళ్ళు గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళతో గోడ పాకుతూ ఎవరు పైదాకా వెళ్ళారో పెన్సిలు గీత పెట్టేవారు. హరికిరణ్‌కి ఆ గోడకి రంగు వేద్దామని ఉండేది, పెయింట్ షాపు మనిషి కదా. గీతలు చెరిపితే టిఫిన్ ఉండదని చెప్పారు. ఉమామహేశ్వరి 'దాచారు' అనడం పూర్తిగా మానలేదు కానీ, అన్నప్పుడల్లా పైడి "షుగర్" అనేది, దాంతో ఆట సమం అయ్యేది.

ఆపరేషన్ అయిన ఆరేడు నెలలకి డాక్టరు రెండు చేతుల బలం పోల్చి చూసి, మళ్ళీ స్కాను తీయించి, ఎముక అతుక్కుందంది. చెయ్యి బయటివైపు మునుపంత తిరగదు, బంతి విసరడంలో కాస్త తేడా ఉంటుంది, అది ఇక అంతేనని కూడా చెప్పింది. పైడి మొదట బాధపడింది. మర్నాడు మైదానానికి వెళ్ళింది.

మొదటి ఆట పుట్టింటి గోవింద్‌పూర్ జట్టు తరఫున, గోల్‌మురి జట్టుతో, ఊరికే స్నేహానికి. రెండు బస్తీల ఆడవాళ్ళు వచ్చారు. దాలమ్మ ఒక కొసన, ఉమామహేశ్వరి ఇంకో కొసన కూర్చున్నారు. పైడి భుజం కథ తెలియని మనిషి ఆ మైదానంలో లేదు.

పైడి కూతకి వెళ్ళింది. ఒకమ్మాయిని తాకింది. మూలనుంచి గోల్‌మురి జట్టులో దిట్టంగా ఉన్న పిల్ల ఒకతి దూకి, పైడి కుడిచెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది.

మైదానం మొత్తం "అమ్మో!" అంది. లాగిన పిల్ల తను చేసిన పనికి తనే హడలిపోయి చెయ్యి వదిలేసింది. దాని జట్టువాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. పైడి జట్టువాళ్ళు కూడా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. దాలమ్మ లేచి నిలబడి తమ్ముణ్ణి కేకేసింది.

పైడి ఒక క్షణం తన భుజం వైపు చూసుకుంది. అది అక్కడే ఉంది. కూత ఆపకుండానే, నిలబడిపోయినవాళ్ళని వరసగా, తీరిగ్గా, ఒక్కొక్కర్నీ వీపుమీద తట్టుకుంటూ వెళ్ళి, నడిచి గీత దాటింది.

పెద్ద గొడవైంది. మేము జాలిపడి ఆగాం, ఇది అన్యాయం అంది గోల్‌మురి జట్టు. రూలు పుస్తకంలో జాలి లేదన్నాడు అంపైరు. పాయింట్లన్నీ పైడి జట్టుకి ఇచ్చేశాడు. లాగిన పిల్ల ఏడుపు ముఖంతో వచ్చి, "దీదీ, నొప్పెట్టిందా?" అని అడిగింది.

"నొప్పెడితే అరుస్తాను కదే, నా అరుపు నీకు తెలీదా?" అంది పైడి. "పో, మళ్ళీ పట్టుకో. ఈసారి వదిలావంటే మీ కోచ్‌కి చెప్తాను."

అటుపక్క ఉమామహేశ్వరి అంపైరుతో పోట్లాటకి దిగి, ఇంకో పాయింటు కూడా రావాలని వాదిస్తూ కుడిచెయ్యి ఎత్తి గాల్లో ఆడిస్తోంది. తలకంటే పైకి.